ఆ రోజు ఆమె బెల్టు పెట్టుకుంది

మా బంధువుల్లో ఎవరి పిల్లలైనా కారు ముందు సీట్లో కూర్చుంటే పెద్దవాళ్లు నా భార్యను గుర్తు చేస్తారు. "బెల్టు పెట్టుకో బిడ్డా. పెట్టుకోకనే గదా మీ అత్తమ్మ పోయింది" అంటారు. నేను అక్కడే ఉన్నానని గమనిస్తే గొంతు తగ్గించి, అద్దం దించమనో, ఏసీ వేయమనో మాట మారుస్తారు. వాళ్లను తప్పు పట్టడానికి లేదు. ఆ మాట వాళ్లకు ఇచ్చింది నేను. అది అబద్ధం.

ఆ రోజు ఆమె బెల్టు పెట్టుకుంది. బకిల్ పడిన చప్పుడు నేను విన్నాను. బెల్టు తెగింది. ఆ బెల్టును వెతికి తెచ్చిందీ, కారులో బిగించిందీ నేనే. ఎదురుగా కూర్చుని చెప్పబోతే నా మాట పూర్తి కాకముందే అందరూ నన్ను ఓదార్చడం మొదలుపెడుతున్నారు. అందుకే రాస్తున్నాను.

నేను చైతన్యపురిలో ఒక కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెబుతాను. మా ఇల్లు దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు వెనక సందులో. ఇంటి ముందు గదిలో నా భార్య చీరలకు ఫాల్ కుట్టే, పీకో చేసే చిన్న దుకాణం నడిపేది. రంగుల మ్యాచింగ్‌లో మా సందులో ఆమె మాటే మాట. ఎవరైనా చీర పట్టుకుని వస్తే ఆమె ట్యూబ్‌లైటు కింద రంగు చూసేది కాదు. గుడ్డముక్క తీసుకుని గడప దాటి, రోడ్డు మీద ఎండలో నిలబడి, చీర కొంగు పక్కన పెట్టి చూసేది. వెనక ఆటోవాళ్లు హారన్ కొడుతున్నా కదిలేది కాదు. "లోపల చూస్తే అన్ని ఒక్క తీర్గనే కొడతయి" అనేది.

నాకు పాత కార్లంటే పిచ్చి. నాగోలు దగ్గర పాత ఊరివాళ్ల కుటుంబం ఒకటి ఉంది. పొలాలు ప్లాట్లయ్యాక వాళ్లు రియల్ ఎస్టేట్‌లోకి వచ్చారు. వాళ్ల గోదాములో గోనెపట్టాల కింద ఒక అంబాసిడర్ పడి ఉండేది. గోదాము కూలగొట్టే పని పడి దాన్ని వదిలించుకోవాలనుకున్నారు, నేను తెచ్చుకున్నాను. ఎల్బీ నగర్‌లో ఒక మెకానిక్ షెడ్డులో పెట్టి, క్లాసులు లేని రోజులన్నీ అక్కడే ఉండి బాగు చేయించుకున్నాను. మీగడ రంగు బాడీ, లోపల గోధుమ రంగు రెగ్జిన్ సీట్లు. అప్పట్లో దుకాణానికి వచ్చినవాళ్లు నా గురించి అడిగితే నా భార్య చెప్పే జవాబు సందంతా తెలుసు.

"సారు ఇంట్ల లేడా అక్కా?"

"నా సవతి కాడికి పోయిండు. ఎల్బీ నగర్‌ల ఉంటదామె. మస్తు తెల్లగుంటది."

కారు రోడ్డు మీదికి వచ్చినప్పుడు అందులో బెల్టులు లేవు. ఇంజనీరింగ్ చదువుతున్న మా అమ్మాయి బెల్టులు లేని కారు ఎక్కనని పట్టుబట్టింది. మెకానిక్ ఇప్పటి కార్లకు వచ్చే నల్ల బెల్టులు తెచ్చి ముందు సీట్లకు బిగించాడు. లాగితే వచ్చి, వదిలితే రీలులోకి పోయే రకం. గట్టివి.

బెల్టు విషయంలో తల్లికీ కూతురికీ ఎప్పుడూ గొడవే. నా భార్యకు ఒక అలవాటు ఉండేది. ఎవరి కారులో కూర్చున్నా బెల్టు లాగి ఒంటి మీదుగా తెచ్చి, లాక్ చేయకుండా చేత్తో పట్టుకునేది. ఎల్బీ నగర్ చౌరస్తాలో పోలీసులు కనిపించేంతవరకే ఆ పట్టు. చౌరస్తా దాటగానే వదిలేసేది. చీర నలుగుతుందనీ, ఊపిరాడదనీ అనేది. మా బంధువులందరూ ఆమెను ఎప్పుడో ఒకప్పుడు అలా చూసినవాళ్లే. నా అబద్ధం అంత సులువుగా నిలబడింది అందుకే.

పాత కార్లున్నవాళ్లం కొందరం అప్పుడప్పుడు ఆదివారం పొద్దున కలుస్తాం. మొదటిసారి నా కారు తీసుకుపోయినప్పుడు అందరూ చుట్టూ తిరిగి చూశారు. వాళ్లలో ఒక పెద్దాయన ఉన్నారు, కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడి రిటైరైనవారు. ఆయన డ్రైవర్ తలుపు తీసి, లోపలికి తొంగి చూసి, చాలా మర్యాదగా అన్నారు.

"ఎంత శ్రద్ధగా చేయించారండీ. మరి బెల్టుల దగ్గర ఎందుకు సర్దుకుపోయారు? పట్టుచీర మీద టీషర్టు వేసినట్టు లేదూ?"

అందరూ నవ్వారు. ఆయన తన కారు తెరిచి చూపించారు. ఆ కాలపు బెల్టులకు రీలు ఉండదు. పట్టీ వాడిన తర్వాత తలుపు పక్కన కొక్కేనికి వేలాడదీయాలి. కూర్చునే మనిషిని బట్టి పట్టీని లాగి, పొడవు సరిచేసి బిగించుకోవాలి. ఇనుప బకిల్, దాని మీద పైకెత్తే రేకు. ఆయన కారు సీట్లూ, బెల్టులూ ఒకే గోధుమ రంగు. ఇంటికి వస్తుంటే పక్కనున్న నల్ల బెల్టులు నా కళ్లలో గుచ్చుకున్నాయి. తర్వాతి సారి పెద్ద ఎత్తున కలిసినప్పుడు ఏ కారు ఎంత అసలు రూపంలో ఉందో చూసి మార్కులు వేస్తారు. అప్పటికి నాకు ఆ బెల్టులే కావాలి.

వెతుకులాట చాలాకాలం సాగింది. ఫోన్ గ్రూపుల్లో అడిగాను. ఎల్బీ నగర్ మెకానిక్కులందరినీ అడిగాను. మలక్‌పేటలో పాత కార్లు విప్పి సామాన్లు అమ్మే ఒక దుకాణానికి ఎన్నిసార్లు పోయానో, దుకాణదారు నన్ను చూడగానే కుర్చీ జరిపేవాడు.

"సాబ్, ఇంజన్ అడుగుతరు, డోర్ అడుగుతరు. పాత బెల్టు కోసం పరేషాన్ అయినోన్ని మిమ్మల్నే చూస్తున్న" అనేవాడు.

చివరికి ఆయనే ఫోన్ చేశాడు. నా కారు కాలానిదే ఇంకో బండి తుక్కులో దొరికింది, దాని బెల్టులు రెండూ ఉన్నాయన్నాడు. క్లాసు మధ్యలో పిల్లలకు లెక్క ఇచ్చి పరుగెత్తాను. డ్రైవర్ వైపు బెల్టును ఎవరో ఎప్పుడో విప్పి సంచిలో వేశారు. తీస్తే, ముదురు గోధుమ రంగు చెక్కుచెదరకుండా ఉంది. రెండో బెల్టు మాత్రం అద్దాలు లేని ఆ కారులోనే కొక్కేనికి వేలాడుతూ ఏళ్ల తరబడి ఎండకు ఎండింది. వెలిసిపోయి ఎండుగడ్డి రంగులోకి వచ్చింది. వేళ్లతో రుద్దితే సన్నగా పొడి రాలింది. దుమ్ము అనుకున్నాను. లోపం రంగులోనే ఉందనుకున్నాను.

ఇంటికి తెచ్చి దుకాణం బల్ల మీద పెట్టాను. నా భార్య రెండింటినీ చెరో చేత్తో పట్టుకుని, అలవాటు ప్రకారం గడప దాటి ఎండలోకి పోయింది.

"ఇవి అక్కాచెల్లెండ్లు సారూ. ఒకామె నీడపట్టున ఉన్నది, ఒకామె ఎండల కూలికి పోయింది."

"రెండూ ఒక్క రంగులోకి రావాలి. అవుతుందా?"

"నేను మ్యాచింగ్ చెయ్యని రంగు ఈ దిల్‌సుఖ్‌నగర్‌ల ఉన్నదా? సవతి కదా, మంచి చీరనే కట్టిద్దం తియ్యి."

మా సందు చివర దుపట్టాలకు, లంగాలకు రంగు వేసే దుకాణం ఉంది. ఆడవాళ్లు చీర తెచ్చి, తెల్ల గుడ్డ ఇచ్చి, ఈ రంగు వేయమని చెప్పి పోతారు. అతను ముందున్న రంగు తీసేసి, మరిగే నీళ్లలో కొత్త రంగు కలిపి ఉడికిస్తాడు. నా భార్య వెలిసిన బెల్టును, నమూనాగా మంచి బెల్టును అక్కడికి తీసుకుపోయింది. మొదటిసారి రంగు ఎరుపు కొట్టింది. ఆమె ఒప్పుకోలేదు. మళ్లీ ఆ రంగంతా తీయించి, మళ్లీ ఉడికించి వేయించింది. అతనికి ఇచ్చింది గుడ్డ, అడిగింది రంగు. అతను అడిగినట్టే చేశాడు. రంగు గురించి చూసుకోవడం ఆమె పని. బలం గురించి అడగాల్సింది నేను.

బెల్టు అడుగున ఇనుప ముక్కకు చుట్టి కుట్టిన చోట పాత దారం పిగిలిపోయి ఉంది. ఆమె మిషను ఆ మందాన్ని తట్టుకోలేదు. దబ్బనంతో, నైలాన్ దారంతో చేత్తోనే కుట్టింది. కుడుతూ ఒకసారి పట్టీని చేతికి చుట్టుకుని చూసింది.

"చీర కొంగు లెక్క మెత్తగైంది. మెత్తగైతే మంచిదేనా?"

"రంగు కలిసింది గదా" అన్నాను.

నేను ఏటా కొత్త పిల్లలకు జడత్వం చెప్పేటప్పుడు సీటు బెల్టును ఉదాహరణగా తీసుకునేవాణ్ణి. కారు ఆగుతుంది, మనిషి ఆగడు, ఆపాల్సింది ఆ పట్టీ అని బోర్డు మీద బొమ్మ గీసేవాణ్ణి. ఆ ఎదురుదెబ్బ ఎంత ఉంటుందో లెక్క కట్టించేవాణ్ణి. ఆ రోజు బెల్టు నా చేతిలో ఉండగా ఆ పాఠం నాకు గుర్తు రాలేదు. మార్కులు వేసేవాళ్లు తలుపు తీసి చూసే క్షణం గుర్తొచ్చింది.

ఇంకొకటి కూడా రాయాలి. ఏ బెల్టు ఏ వైపు బిగించాలన్నది నా చేతిలో ఉంది. ఎవరైనా ముందు డ్రైవర్ తలుపే తీస్తారని, ఎండకు వెలిసిపోని బెల్టును ఆ వైపు పెట్టాను. నన్ను నేను కాపాడుకోవడానికి అలా చేశానని ఎవరైనా అంటే కాదంటాను. ఆ ఆలోచనే రాలేదు. కానీ మంచి బెల్టు నాకు వచ్చింది, ఉడికించిన బెల్టు ఆమెకు వెళ్లింది. నల్ల బెల్టులు విప్పించి మెకానిక్‌కే ఇచ్చేశాను.

ఆ ఆదివారం పొద్దున మేమిద్దరం బయలుదేరాం. విజయవాడ రోడ్డు మీద, ఊరి బయట ఒక ఫంక్షన్ హాలు దగ్గర అందరం కలవాలి. నా భార్య ఎప్పుడూ ఈ కలయికలకు రాలేదు. ఆ రోజు తన మ్యాచింగ్‌కు ఎన్ని మార్కులు పడతాయో చూడాలని వచ్చింది. మా అమ్మాయి గేటు దాకా వచ్చి నిలబడింది.

"అమ్మా, ఇయ్యాలన్న సరిగ పెట్టుకో. చేత్తోని పట్టుకునుడు కాదు. లాక్ చెయ్యాలె."

"నీ పెండ్లైనంక నీ మొగుని మీద చూపియ్యి గీ పెత్తనం."

"అమ్మా, నేను జోక్ చేస్తలేను. ఒక్క మాటన్న ఇను."

"సరే పోవే. పోయి పాలు పొంగకుండ చూడు."

అమ్మాయి విసుక్కుంటూ గేటు వేసి లోపలికి పోయింది. అప్పుడు నా భార్య కొక్కేనికున్న బెల్టు తీసి ఒంటి మీదుగా తెచ్చి లాక్ చేసింది. పట్టీ వదులుగా ఉంటే నేను వంగి లాగి సరిచేశాను. ఆమె కొంగు సర్దుకుని, సీటునూ బెల్టునూ చేత్తో తడిమి చూసింది.

"ఒక్క థాన్‌ల కోసినట్టున్నయి. కార్లకు కూడ మ్యాచింగ్ దుకాణం పెడ్తే ఎట్లుంటది సారూ?"

ఎల్బీ నగర్ చౌరస్తా దాటాం. పోలీసులున్నారు, మమ్మల్నీ కారునూ చూసి నవ్వారు. చౌరస్తా వెనకబడ్డా ఆమె బెల్టు విప్పలేదు.

"పోలీసులు పోయిన్రు. తీసెయ్యొచ్చు" అన్నాను వేళాకోళంగా.

"పాపకు మాటిచ్చిన గదా" అంది. ఇచ్చిన మాటల్లా ఆ 'సరే పోవే' ఒక్కటే. అమ్మాయి అది మాటగా తీసుకోలేదు, తల్లి తీసుకుంది.

జిల్లాలకు పోయే బస్సులు అక్కడ ఎక్కడపడితే అక్కడ ఆగుతాయి. నాకు తెలుసు. మా ముందు బస్సు చెయ్యెత్తిన మనుషుల కోసం ఒక్కసారిగా ఆగింది. నేను ఆమె వైపు చూసి ఏదో అంటున్నాను. బ్రేకు తొక్కాను, పాత కారు అది, ఆగేలోపే బస్సు వెనక భాగానికి తగిలింది. మరీ వేగంగా ఏమీ పోవడం లేదు. నా బెల్టు నా ఛాతీని పట్టి ఆపింది. కాసేపు ఊపిరి అందలేదు, అంతే. ఆమె బెల్టు మధ్యలో తెగిపోయింది. అంబాసిడర్ డాష్‌బోర్డు అంతా ఇనుమే, ఆమె వెళ్లి దానికి కొట్టుకుంది.

జనం వచ్చి తలుపు లాగారు. ఎవరో ఆటో ఆపారు. ఆటోలో ఆమె తల నా ఒడిలో ఉంది. కళ్లు తెరిచే ఉంది. తెగిన పట్టీ ముక్క ఇంకా నడుము మీద లాక్‌లోనే ఉంటే కారులోంచి దించేటప్పుడు నేనే విప్పాను, అది ఆమె చూసింది. నొప్పి అనలేదు. అర్థం కానట్టు నా ముఖం చూసింది.

"పెట్టుకున్న గదా" అంది. కొంచెం ఆగి, "పాపకు చెప్పు, పెట్టుకున్న అని" అంది.

చెబుతానన్నాను. ఆ తర్వాత ఆమె మాట్లాడలేదు.

దగ్గరలోని దవాఖానలో ఆమెను లోపలికి తీసుకుపోయారు. వనస్థలిపురం నుంచి మా బావమరిది పరుగెత్తుకొచ్చాడు. ముందు నన్ను చూశాడు, నా ఒంటి మీద గీత కూడా లేదు. లోపలున్న అక్కను తలచుకుని అడిగాడు.

"బావా, అక్క బెల్టు పెట్టుకోలేదా?"

"లేదు" అన్నాను.

ఆలోచించి అన్న మాట కాదు. అతని ప్రశ్నలోనే జవాబు ఉంది, దాన్ని తీసుకున్నాను. పెట్టుకుందంటే, మరి ఎందుకిట్లా అయిందని అడుగుతాడు. అప్పుడు మలక్‌పేట నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాలి. ఆ క్షణంలో నాకున్న ధైర్యం ఏమిటంటే, ఆమె లేచి కూర్చోగానే ఈ అబద్ధం పట్టుకుని నలుగురి ముందు నన్ను ఆడుకుంటుంది. 'మీ బావ సవతి మీద ఈగ వాలనియ్యడు' అని తమ్ముడితో చెబుతుంది. నేను తల వంచుకుని వింటాను. అలా అనుకున్నాను. ఆమె లేవలేదు. సాయంత్రానికి పోయింది. ఆ ప్రశ్న అడిగినందుకు మా బావమరిది ఇప్పుడు తనను తాను తిట్టుకుంటున్నాడు. అడగడం తప్పు కాదు.

పోలీసులకు రెండు సంగతులు చెప్పాను. ముందు బస్సు ఒక్కసారిగా ఆగిందని, ఆమె బెల్టు పెట్టుకోలేదని. మొదటిది నిజం. రెండోదాన్ని కారులో ఉన్న తెగిన బెల్టుతో ఎవరూ సరిచూడలేదు.

కారు నా చేతికి తిరిగొచ్చిన తర్వాత, తుక్కుకు ఇచ్చేముందు, నేనొక్కణ్ణే పోయి ఆ బెల్టు రెండు ముక్కలూ విప్పాను. ఆమె దబ్బనంతో వేసిన కుట్టు ఒక్క పోగు కూడా ఊడలేదు. ఇది నేను గట్టిగా చెప్పదలుచుకున్న రెండో సంగతి. కుట్టు నిలిచింది, పట్టీ తెగింది. తెగిన చోట పోగులు పీచులా లేచి ఉన్నాయి. రెండు ముక్కలనూ చెత్తబండిలో వేశాను. ఇప్పుడు చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. నా మాట ఒక్కటే ఉంది, దాని విలువ ఎంతో మీరు చూశారు.

ఆ తర్వాత నా అబద్ధం నన్ను వదిలేసి వేరేవాళ్లను పట్టుకుంది. మా అత్తమ్మ వచ్చినవాళ్లందరికీ ఒకటే చెప్పుకునేది. "చిన్నప్పటి సంది గంతే. నా బిడ్డ ఎవ్వలి మాట ఇనదు. ఇంటే బతికేది" అని ఏడ్చేది, ఏడుస్తూనే తిట్టేది. నేను పక్కన కూర్చుని మంచినీళ్లు అందించేవాణ్ణి.

మా అమ్మాయి ఏడవలేదు. ఇంట్లో తల్లి చీరలున్న బీరువా తెరిచేది కాదు. దుకాణం గదిలోకి పోయేది కాదు. కొన్నాళ్లకు చైతన్యపురిలో హాస్టల్లో చేరతానంది. మెట్రోలో ఒక్క స్టేషన్ దూరం. చదువుకోవడానికి బాగుంటుందంది. నేను ఆపలేదు. ఆపడానికి నాకు ముఖం లేదు.

ఏడాది తిరిగి సంవత్సరీకం వచ్చింది. బంధువులందరూ వచ్చారు. మా అమ్మాయి రాలేదు. పొద్దున ఫోన్ చేస్తే ఎత్తింది.

"డాడీ, నేను రాను. నాకు అమ్మ మీద కోపం పోతలేదు. గేటు కాడ నిలబడి ఒక్కటే అడిగిన. గా ఒక్కటి చెయ్యలే. నేనంటే లెక్కలేకుండె ఆమెకు. కోపం కడుపుల పెట్టుకొని దండం ఎట్ల పెట్టాలె?"

ఫోన్ జేబులో పెట్టుకుని విస్తళ్ల పనిలో పడ్డాను. భోజనాల దగ్గర ఒకామె పక్కామెతో అనడం వినపడింది. "కన్నతల్లి దినానికి రాని పిల్ల ఏం పిల్లనమ్మా." మా అత్తమ్మ విస్తరి ముందు నుంచి తినకుండానే లేచింది. నా భార్య తర్వాత మాటలు పడే వంతు ఇప్పుడు నా కూతురిది అయింది. వడ్డిస్తున్న గరిట పక్కన పెట్టి మేడ మీదికి పోయాను.

మరుసటి సాయంత్రం క్లాసు అయ్యాక అమ్మాయి హాస్టల్‌కు పోయాను. ఆడపిల్లల హాస్టల్ కాబట్టి లోపలికి రానివ్వరు. గేటు లోపల, వాచ్‌మన్ బల్ల పక్కన రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసి ఉంటాయి, తండ్రులు అక్కడ కూర్చోవాలి. అమ్మాయి కిందికి వచ్చింది. నిన్న రానందుకు తిట్టడానికి వచ్చాననుకుంది.

"తిన్నవా డాడీ?" అంది ముందే.

"అమ్మ ఆ రోజు బెల్టు పెట్టుకుంది" అన్నాను.

అమ్మాయి నా వైపు చూసింది. కోపం రాలేదు, జాలి వచ్చింది.

"నా కోసం అట్ల చెప్పకు డాడీ. నేను మంచిగనే ఉన్న."

ఇలా జరుగుతుందని నేను ఊహించలేదు. అబద్ధాన్ని ఒక్క ముక్కలో నమ్మారు. నిజాన్ని నమ్మించాలంటే మొత్తం చెప్పాల్సి వచ్చింది. పెద్దాయన నవ్వించిన మాట, మలక్‌పేట, ఎండలో వెలిసిన పట్టీ, రెండుసార్లు ఉడికించడం, నల్ల బెల్టులు తీసేయడం, మంచి బెల్టు నా వైపు పెట్టడం. పాలు చూడమని తనను లోపలికి పంపాక తల్లి ఏం చేసిందో చెప్పాను. చౌరస్తా దాటాక ఏమందో చెప్పాను. అమ్మాయి మధ్యలో ఒక్కసారి మాత్రం ఆపింది.

"తెగిన బెల్టు ఏది?"

"పారేసిన."

"నువ్వే?"

"నేనే."

గేటు దగ్గర ఆడపిల్లలు నవ్వుకుంటూ వస్తూ పోతూ ఉన్నారు. వాళ్లు వెళ్లేంతవరకు ఆగింది.

"అమ్మ ఏమన్న అన్నదా? దవాఖానకు పోంగ?"

"అన్నది."

"ఏమన్నదో అట్లనే చెప్పు. నీ మాటల్ల చెప్పకు. అమ్మ ఎట్ల అన్నదో అట్ల."

"పెట్టుకున్న గదా. పాపకు చెప్పు, పెట్టుకున్న అని."

అమ్మాయి రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుంది. నేను లేచి దగ్గరికి పోబోతే, ముఖం మీది నుంచి ఒక చెయ్యి తీసి వద్దన్నట్టు చాచింది. మళ్లీ కూర్చున్నాను. ఏడాదిగా రాని ఏడుపు అది. వాచ్‌మన్ లేచి గేటు బయటికి పోయి నిలబడ్డాడు.

"నాకు పంపిన మాట అది. నువ్వు నాకు ఇయ్యలే" అంది ముఖం తుడుచుకుని. "నేను అమ్మను ఎన్ని మాటలన్న డాడీ. నీ ముంగటనే అన్న. నువ్వు ఇన్నవు."

"విన్నాను."

తనే అమ్మమ్మకు ఫోన్ చేసింది.

"అమ్మమ్మా, అమ్మ బెల్టు పెట్టుకున్నది. అమ్మ నా మాట ఇన్నది... లేదు, నిజమే... డాడీ చెప్పిండు... ఇక్కడనే ఉన్నడు."

ఫోన్ నా చేతికి ఇచ్చింది. మా అత్తమ్మ లైన్లోనే ఉంది. టీవీ శబ్దం వినపడుతోంది, ఎవరో దాన్ని ఆపేశారు.

"అల్లుడా, పెట్టుకున్నదా నా బిడ్డ?"

"పెట్టుకుంది అత్తమ్మా. బెల్టే తెగింది. నేను తెచ్చిన బెల్టు."

"నేను పొద్దుమాపు దాన్ని తిడుతుంటే నువ్వు నీళ్లిచ్చినవు కొడుకా."

"ఇచ్చాను అత్తమ్మా."

"అందరికి చెప్పు. నేనన్నయన్ని అబద్ధమని చెప్పు. నేను చెప్ప. నువ్వే చెప్పాలె" అని ఆమె ఫోన్ పెట్టేసింది.

ఇంటికి వస్తావా అని అమ్మాయిని అడగలేదు. తను కుర్చీలోంచి లేచి, మెట్ల దాకా పోయి, వెనక్కి తిరిగింది.

"ఇంట్ల గోడకున్న అమ్మ ఫొటో నాకు కావాలె. గదిల పెట్టుకుంట. దండ తీసేసి పంపు."

"రేపు పొద్దున తెస్తా."

"నువ్వు తేకు. ఎవరితోనన్న పంపు."

మరునాడు ఫొటో దించి, దండ తీసి, అద్దం తుడిచాను. పేపర్లో చుట్టి, పార్సిళ్లు తీసుకుపోయే బండి కుర్రవాడికి ఇచ్చి, హాస్టల్ గేటులో అమ్మాయి చేతికే ఇవ్వమని చెప్పాను. మధ్యాహ్నానికి 'వచ్చింది' అని ఫోన్లో ఒక్క మాట పంపింది. అంతకు మించి ఇప్పటివరకు ఏమీ రాయలేదు.